ఎవరబ్బ జాగీరు?

మా నెల్లూరు జిల్లా ఆత్మకూరు బస్టాండులో ఉదయగిరి బస్సు ఆగీ ఆగకముందే కిటికీల్లోంచి తువ్వాళ్లు, చేతిసంచులు, ఒక్కోసారి చంటిపిల్లలు కూడా లోపలికి వెళ్లిపోతారు. మొన్న శ్రావణమాసం పెళ్లిళ్ల రోజుల్లో ఆ గుంపులో నేనూ ఉన్నాను. మోకాళ్లు అరిగిన మనిషిని కాబట్టి అందరూ ఎక్కాక నిదానంగా ఎక్కాను. మూడో వరసలో కిటికీ పక్కన ఎవరిదో గళ్ల తువ్వాలు పరిచి ఉంది. దాని మీదే ఒక పెద్దామె, గోంగూర గంప ఒళ్లో పెట్టుకుని, హాయిగా కూర్చుని ఉంది. తువ్వాలు తాలూకు కుర్రాడు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"లెయ్ అవ్వా, నేను సీటు పట్టుకోనుండా."

ఆమె తల తిప్పి కూడా చూడలేదు.

"పట్టుకునేదానికి ఇదేమన్నా మీ అబ్బ జాగీరా?"

బస్సంతా నవ్వింది. నేను అందరికంటే కాస్త ఎక్కువ నవ్వానేమో, పక్కనున్నాయన నా వంక అదోలా చూశాడు. ఆయనకు చెప్పడానికి అప్పుడు వీలు కాలేదు. నేను దస్తావేజులు రాసేవాణ్ణి. రేకుల షెడ్డు కింద చెక్కబల్ల వేసుకుని ముప్పై ఎనిమిదేళ్లుగా ఆత్మకూరులో ఇదే పని. మా నాయన ఇదే పని చేశాడు, మా జేజినాయన కరణీకం చేశాడు. అందరికీ తిట్టుగా తెలిసిన జాగీరు నా బల్ల మీదికి కాగితాల్లో వస్తుంటుంది. పైగా ఆ బస్సు పోయేది ఉదయగిరికి. అదొకప్పుడు అక్షరాలా జాగీరు. అబ్బ నుంచి కొడుక్కి దిగుతూ వచ్చిన జాగీరు. ఆ ముసలామె అడిగిన ప్రశ్నే కంపెనీ దొరలు 1840లో అడిగి దాన్ని లాక్కున్నారు.

ఇంకో తమాషా ఉంది. జాగీరు పారశీ మాట. 'జా' అంటే చోటు, 'గీర్' అంటే పట్టుకోవడం. చోటు పట్టుకోవడమే జాగీరు. అంటే తువ్వాలు వేసి సీటు పట్టుకున్న కుర్రాడు చేసింది, మాటకు మాట అర్థం చూస్తే, జాగీరే! అవ్వ తెలియక తిట్టినా అచ్చమైన మాటతో తిట్టింది.

ఈ 'గీర్' మనకు బాగా తెలిసినవాడే, ముఖం గుర్తుపట్టం గానీ. లోకాన్ని పట్టినవాడు జహంగీరు. చేయి పట్టి నడిపించేవాడు దస్తగీరు. మనవైపు సాయిబుల ఇళ్లలోనే కాదు, మొక్కుకుంటే పుట్టిన హిందువుల పిల్లల్లోనూ దస్తగిరి అనే పేరు ఉంటుంది. ఆ దస్తగిరిలో 'దస్త్' అంటే చెయ్యి. నేను రాసే దస్తావేజులో ఉన్నదీ, మీరు చేసే దస్కత్తులో ఉన్నదీ ఆ చెయ్యే. 'జా' కూడా కొత్తవాడేం కాదు. ఇల్లు కట్టుకోవడానికి నాలుగు సెంట్ల జాగా అంటామే, అందులో ఉన్నదీ వాడే అంటారు. ఉదయగిరిలోని గిరి మాత్రం వేరు, అది సంస్కృతపు కొండ. ఊరి పేరు విని రెంటినీ ముడివేసిన పండితులు నాకు తగిలారు కాబట్టి చెబుతున్నాను.

జాగీరు అనగానే మన కళ్ల ముందు మీసాలు, గుర్రబ్బండి, కనుచూపు మేర పొలాలు నిలుస్తాయి. సినిమాల పుణ్యం. అసలు జాగీరు పొలం కాదు. పొలం మీద వచ్చే శిస్తు. మొగలాయి పాదుషా దగ్గర కొలువు చేసే మన్సబుదారుకు ఇంత జీతం అని లెక్క కట్టేవారు. ఆ జీతం ఖజానా నుంచి రొక్కంగా ఇవ్వకుండా, ఫలానా పరగణాల శిస్తు వసూలు చేసుకుని అందులోంచి నీ జీతమూ, నువ్వు పోషించాల్సిన గుర్రపు రౌతుల ఖర్చూ తీసుకో అని కాగితం ఇచ్చేవారు. ఆ పరగణా అతని జాగీరు. భూమి దున్నేవాడు దున్నుతూనే ఉంటాడు, ఊళ్లో పాతకాపు జమీందారు తన తాతల నాటి హక్కుతో తన వాటా తాను తీసుకుంటూనే ఉంటాడు. జాగీరుదారు వచ్చిపోయేవాడు. నాలుగేళ్లు తిరిగేలోపు బదిలీ. చచ్చిపోతే జాగీరు సర్కారుది. కొడుకుకు తండ్రి జాగీరు రాదు. కొడుకు కొలువులో చేరితే అతని హోదాకు తగ్గ వేరే జాగీరు, ఎక్కడో వేరే చోట.

అంటే అసలు అర్థంలో ఎవరి అబ్బదీ కానిదే జాగీరు. మన తిట్టు దాన్ని సరిగ్గా తలకిందులు చేసింది.

ఈ ఏర్పాటులో ఒక చిక్కు ఉంది, అది మా వృత్తివాళ్లకు వెంటనే తెలుస్తుంది. కాగితం మీద శిస్తు ఒకటి, చేతికి వచ్చేది ఇంకొకటి. కాగితపు లెక్కను 'జమా' అనేవారు, చేతికందిన దాన్ని 'హాసిల్' అనేవారు. కాగితం ప్రకారం ఏడాది జీతానికి సరిపడే జాగీరు, నిజానికి ఆరు నెలల జీతమే రాల్చేది. దాంతో మొగలాయి దఫ్తరులో ఆరునెలల జాగీరు, ఎనిమిదినెలల జాగీరు అని చెప్పుకునే దాకా వచ్చింది. ఔరంగజేబు చివరి రోజులకు దక్కన్‌లో కొత్తగా చేరినవాళ్లకు ఇవ్వడానికి జాగీర్లే లేకుండా పోయాయి. కొలువుంది, జీతం లేదు. ఫ్రాన్సు నుంచి వచ్చి ఔరంగజేబు కొలువులో గడిపిన వైద్యుడు బెర్నియర్ ఇంకో మాట రాశాడు: రేపు పోవాల్సినవాడు ఇవాళ రైతును పిండుతాడు, బావి తవ్వించడు, కాలవ బాగు చేయించడు అని. చరిత్రకారులు ఆయన మాటను పూర్తిగా ఒప్పుకోరు. నేను ఒప్పుకుంటాను. మూడేళ్ల కౌలుకు తీసుకున్న పొలంలో ఎవడు ఎరువు తోలుతాడో చూపించండి.

పారశీ మాట వచ్చిందే తప్ప, పద్ధతి ఉదయగిరికి కొత్త కాదు. విజయనగరం రోజుల్లో దీన్నే అమరం అన్నారు. రాజు సీమను నాయకుడికి ఇస్తాడు, నాయకుడు ఇంత సైన్యం పోషించి ఇంత సొమ్ము రాజుకు చెల్లిస్తాడు. భూమంతా రాజుదే, నాయకులు ఆయన చేతి మీదుగా పట్టుకున్నవాళ్లే అని 1530ల ప్రాంతంలో విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వ్యాపారి నూనిజ్ రాసుకున్నాడు. ఉదయగిరి ఒక్కటే ఒక రాజ్యంగా లెక్క, సంగమ వంశపు తొలి రోజుల నుంచీ. హరిహరరాయల తమ్ముడు కంపన ఇక్కడి నుంచే ఏలాడు. తర్వాత గజపతుల చేతికి పోయిన కోటను శ్రీకృష్ణదేవరాయలు ఏడాదికి పైగా ముట్టడించి 1514లో పట్టుకున్నాడు. ఊరు గెలిచిన గుర్తుగా ఇక్కడి బాలకృష్ణుడి విగ్రహాన్ని హంపికి తీసుకుపోయి, గుడి కట్టించి, 1515లో ప్రతిష్ఠించాడు. ఆ చిన్నికృష్ణుడు ఇప్పుడు చెన్నై మ్యూజియంలో ఉన్నాడు. మా ఊరివాళ్లు వైద్యానికి చెన్నై పోయినప్పుడు ఒక్కసారి చూసి రమ్మని చెబుతుంటాను. ఎవరూ చూసి రారు.

అమరం, జాగీరు రెండూ పోయేవి. పోనివి వేరే ఉన్నాయి. కంపన కొడుకు రెండో సంగముడు తన గురువు కోరిక మీద బిట్రగుంటను బ్రాహ్మణులకు అగ్రహారంగా దానం చేస్తూ 1356లో రాగిరేకు రాయించాడు. అలాంటి శాసనాల్లో ఒక మాట ఉంటుంది, ఆచంద్రార్కం. సూర్యచంద్రులున్నంత కాలం మీదే అని. నేను క్రయపత్రంలో "మీరునూ మీ పుత్రపౌత్ర పారంపర్యముగా" అని రాసేదానికి తాత అది. జాగీరు సనదులో ఈ మాట ఉండదు. ఉండాలనుకుంటే దానికి వేరే పేరుండేది, ఆల్తంగా. తురుష్క భాషలో 'ఎర్ర ముద్ర' అని. ఆ ఎర్ర ముద్ర పడితే తరతరాలకూ చెల్లుతుంది. జహంగీరు పాదుషా మొదలుపెట్టించాడు ఆ ముద్రను. లోకాన్ని పట్టినవాడి పేరు కదా మరి, వదలకుండా ఉండే దారి ఆయనే చూపించాడు.

ఢిల్లీ బలహీనపడ్డాక జాగీర్లు బదిలీ కావడం మానేశాయి. బదిలీ చేసేవాడు లేకపోతే పట్టుకున్నవాడే యజమాని. పద్దెనిమిదో శతాబ్దంలో ఆర్కాటు నవాబు ఉదయగిరిని ముస్తఫా అలీ ఖాన్‌కు జాగీరుగా ఇచ్చాడు. ఆ కుటుంబం దాన్ని తరతరాలుగా ఏలింది. వెలిగొండల నీడన మెట్ట భూములు, జొన్న, సజ్జ, వానొస్తే చెరువు, లేకపోతే మేకలు. గొప్ప రాబడి వచ్చే సీమ కాదు. అయినా వెయ్యి అడుగుల నిట్రాతి చరియల మీద కోట, కింద మసీదులు, మనుషులు. మనుషులు ఉంటే వసూలు ఉంటుంది.

ఇక్కడ కొంచెం పక్కకు పోవాలి, పోకపోతే అసలు మజా తెలియదు. అదే ఆర్కాటు నవాబు మహమ్మదాలీ వాలాజా, తన అప్పులు తీర్చలేక, తనను గద్దె మీద నిలబెట్టినందుకు గాను, మద్రాసు చుట్టూ ఉన్న ఇప్పటి చెంగల్పట్టు ప్రాంతాన్ని 1763లో ఈస్టిండియా కంపెనీకి ఇచ్చాడు. ఏమని ఇచ్చాడు? జాగీరు అని. 1765లో ఢిల్లీ పాదుషా షా ఆలం దాన్ని ఖాయం చేశాడు. అంటే కంపెనీ కూడా మొగలాయి లెక్కల్లో ఒక జాగీరుదారు. కంపెనీ దొరలు ఆ సీమకు వేరే పేరు పెట్టనే లేదు. చాలాకాలం వాళ్ల కాగితాల్లో చెంగల్పట్టు పేరే 'జాగీరు'. లయొనెల్ ప్లేసు అనే ఆయన 1790లలో 'జాగీరు కలెక్టరు'.

బెంగాలులో ఇంకా విచిత్రం. ప్లాసీ యుద్ధం తర్వాత మీర్ జాఫర్ 1757లో ఇరవైనాలుగు పరగణాల జమీందారీ కంపెనీకి ఇచ్చాడు, ఏటా ఇంత శిస్తు నవాబుకు కట్టాలని షరతు. 1759లో ఆ శిస్తునే రాబర్టు క్లైవుకు జాగీరుగా రాసిచ్చాడు. ఏటా సుమారు 27 వేల పౌన్లు. క్లైవు కంపెనీ నౌకరు. యజమాని కట్టే శిస్తు నౌకరు జేబులోకి! గుమాస్తాకు ఆసామి బాడుగ కట్టినట్టు. లండన్‌లో కంపెనీ పెద్దలు ఎంత గింజుకున్నారో చెప్పక్కర్లేదు. జాగీరు అంటే భూమి కాదు శిస్తే అని నేనెంత చెప్పినా నమ్మని వాళ్లకు ఈ కథ చెబుతాను, నమ్ముతారు.

1801లో నెల్లూరు సహా కర్ణాటకం మొత్తం కంపెనీ చేతిలోకి వచ్చింది. పాళెగాళ్ల సంగతి ఒక్కొక్కటీ తేల్చుకుంది. వెంకటగిరి వంటి పెద్ద పాళేనికి 1802లో సనదు ఇచ్చి జమీందారీ చేసింది. శాశ్వత శిస్తు, శాశ్వత హక్కు. ఉదయగిరి మాత్రం జాగీరుగానే మిగిలింది. పాతకాలపు మాట, పాతకాలపు ఏర్పాటు. నవాబు పోయాడు, నవాబు ఇచ్చిన కాగితం ఉంది. దాన్ని నమ్ముకుని ఇంకో తరమో రెండు తరాలో గడిచాయి.

1839లో నెల్లూరు దొరలకు ఒక అనుమానం పట్టుకుంది. వహాబీ ప్రచారకులు ఊళ్లు తిరుగుతున్నారని, హైదరాబాదు నిజాం తమ్ముడు ముబారిజుద్దౌలా, కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్, ఉదయగిరి జాగీరుదారు అబ్బాస్ అలీ ఖాన్ లోలోపల ఒక్కటై కంపెనీ మీద లేవబోతున్నారని. కర్నూలులో నవాబు దాచిన తుపాకులూ మందుగుండూ బయటపడ్డాయి. ఆ ఏడాది అక్టోబరులో అతన్ని పట్టుకుని తిరుచిరాపల్లి పంపారు, అక్కడే మరుసటి ఏడాది కత్తిపోటుకు చచ్చిపోయాడు. ముబారిజుద్దౌలాను గోలకొండ కోటలో పెట్టారు, అక్కడే పోయాడు. ఉదయగిరి అబ్బాస్ అలీ ఖాన్‌ను కుటుంబంతో సహా పంపించేశారు. జాగీరు సర్కారు కలుపుకుంది. నిజంగా కుట్ర ఉందా, దొరల భయమే కుట్రగా కనిపించిందా అని ఇప్పటికీ వాదన ఉంది. చంద్ర మల్లంపల్లి అనే చరిత్రకారుడు 2017లో దీని మీద ఇంగ్లీషులో ఒక పుస్తకమే రాశారు. ఆ పుస్తకం పేరు చివరే ఒక ప్రశ్నార్థకం ఉంటుంది.

నాకు పట్టుబడ్డ సంగతి వేరే. అబ్బాస్ అలీ ఖాన్‌ను ఎక్కడికి పంపారో తెలుసా? చెంగల్పట్టుకు. కంపెనీవారి సొంత జాగీరుకు! నవాబు ఇచ్చిన జాగీరులో ఉన్న ఒక జాగీరుదారు, నవాబు ఇచ్చిన జాగీరులో ఉన్న ఇంకో జాగీరుదారును తీసుకుపోయి తన జాగీరులో పడేశాడు. తేడా ఏమంటే ఒకడి దగ్గర ఫిరంగులు ఎక్కువ.

పెళ్లి భోజనం అయ్యాక ఆ మధ్యాహ్నం ఉదయగిరిలో కాసేపు తిరిగాను. కొండ మీదికి ఎక్కే వయసు దాటింది. దర్గా వీధిలో చెక్క గరిటెలు చేసే ఇంటి అరుగు మీద కూర్చున్నాను. ఉదయగిరి చెక్క గరిటెలకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది గానీ చేసే పద్ధతి అదే. అడవి నుంచి తెచ్చిన నర్ది, బిక్కి కట్టెలు. ముందు గొడ్డలితో ముక్క, తర్వాత ఉలి, తర్వాత ఆకురాయి. నేను చూస్తుండగా ఒకాయన ఫోర్కు పళ్లు తీస్తున్నాడు. ఎడమ పాదం బొటనవేలితో కట్టెను పీటకు అదిమి పట్టి, కుడిచేత్తో సన్నటి రంపంతో రెండు గాట్లు పెట్టాడు. పొట్టు ఊదాడు. గాట్ల మధ్య వేలు పెట్టి చూసి, మూడోది పెట్టాడు. కొలత లేదు, గీత లేదు. నాలుగు పళ్లూ ఒక్కలాగే ఉన్నాయి. భార్య పక్కన కూర్చుని గరిటెల కడలకు పువ్వు చెక్కుతోంది.

"ఇదంతా ఒకప్పుడు జాగీరంట కదా సాయిబూ, మీ పెద్దోళ్లు ఏమన్నా చెప్పేవాళ్లా?" అన్నాను.

ఆయన ఆకురాయి ఆపలేదు. "జాగీరా? అదేదో కోటలో ఉండేటోళ్ల సంగతి సామీ. మాకు జాగీరు ఏడుంది, ఈ జాగా ఉంది" అని పీట చుట్టూ వేలితో ఒక గుండ్రం చుట్టాడు.

రెండు మాటలకూ తల్లి ఒకటే అని ఆయనకు ఎవరూ చెప్పి ఉండరు. నేనూ చెప్పలేదు. రెండు గరిటెలు, ఒక దువ్వెన కొనుక్కుని వచ్చేశాను.

జాగీరు పేరు ఒక్కటే కాదు, భూమి పట్టుకునే తీరుకు మా మెట్టలో ఎన్ని పేర్లో. నాకు ఇష్టమైన పేరు శ్రోత్రియం. శ్రుతి చదివినవాడు శ్రోత్రియుడు. వాడికి నామమాత్రపు శిస్తు మీద ఇచ్చిన ఊరు శ్రోత్రియం. మొదట వేదం చదివిన బ్రాహ్మలకే. తర్వాత కంపెనీ రోజులకు వచ్చేసరికి, మంచి కొలువు చేసిన దుబాసీలకూ, దండులోవాళ్లకూ శ్రోత్రియాలు దక్కాయి. వేదం ముక్క రానివాళ్ల కాగితాల్లోనూ శ్రోత్రియుదారు అని ఉంటుంది. మాట పెద్దది, మనసు కూడా పెద్దది చేసుకుంది. కండ్రిగ అంటే ఊళ్లోంచి ఒక ముక్క కోసి మాన్యంగా ఇచ్చింది; ఖండానికి చుట్టం. సచిన్ టెండూల్కర్ దత్తత తీసుకున్నాక దేశమంతా విన్న పుట్టంరాజు కండ్రిగ గూడూరు వైపు ఉంది, మా జిల్లావాళ్లం వినకముందూ అక్కడే ఉంది. పాళెం అంటే దండు విడిది, తర్వాత దండు పెట్టిన వాడి ఏలుబడి, ఇప్పుడు ఊరి పేరులో ఒక తోక. మా ఆత్మకూరు పక్కనే అప్పారావుపాళెం. మొఖాసా, ఇనాము, ఉంబళి ఉండనే ఉన్నాయి, వాటి జోలికి పోతే ఈ పత్రిక సరిపోదు.

ఈ పేర్లన్నిటినీ ఒక గాటన కట్టింది 1858లో మద్రాసు ప్రభుత్వం వేసిన ఇనాం కమిషన్. నీ దగ్గర కాగితం ఏమిటి, ఎవరిచ్చారు, దేనికిచ్చారు అని ఊరూరా విచారించి, ఖాయం చేసిన ప్రతి ఇనాముకూ టైటిల్ డీడు ఇచ్చింది. దాని మీద నంబరు. ఇప్పటికీ నా బల్ల మీదికి వచ్చే పాత కాగితాల్లో 'టి.డి. నెం.' అని కనిపిస్తే, నూటయాభై ఏళ్ల కిందట ఎవరో గుమాస్తా ఒక మర్రిచెట్టు కింద కూర్చుని ఎవరో ముసలాయన్ని ఉక్కిరిబిక్కిరి చేశాడని అర్థం. ఖాయం చేసిన ఇనాము మీద కట్టే చిన్న శిస్తుకు జోడి అని పేరు. మా జేజినాయన లెక్క పుస్తకాల్లో జోడి కలం పచ్చసిరాతో ఉండేది. ఎందుకు పచ్చ అని అడిగితే, ఎర్రసిరా ఖరీదు అనేవాడు.

1948లో మద్రాసు ప్రభుత్వం ఎస్టేట్ల రద్దు చట్టం చేసింది. వెంకటగిరి వంటి జమీందారీలు అలా పోయాయి. మా నెల్లూరులో వారపత్రిక పేరే 'జమీన్ రైతు', ఆ పోరాటం ఎంత దూరం నడిచిందో పేరు చూస్తే తెలుస్తుంది. ఆంధ్రలో ఇనాముల రద్దు చట్టం 1956లో. హైదరాబాదు రాజ్యంలో జాగీర్లు 1949 ఆగస్టు 15న రద్దయ్యాయి. జాగీరుదార్ల పిల్లలు చదవడానికి 1923లో బేగంపేటలో పెట్టిన కాలేజీ పేరు మార్చుకుని హైదరాబాద్ పబ్లిక్ స్కూలు అయింది. ఇన్ని రద్దులు జరిగినా జాగీరు మాట పోలేదు. ఎక్కడ దాక్కుందో చూస్తే, రాజ్యాంగంలో! ముప్పై ఒకటి-ఎ అధికరణంలో 'ఎస్టేటు' అంటే ఏమిటో చెబుతూ, జాగీరు, ఇనాము, మువాఫీ కూడా అందులోకి వస్తాయని రాశారు. చంపడానికి పేరు పెట్టి పిలవాలి కదా.

మాట ఉండి భూమి పోయిన కథ ఇది. భూమి ఉండి మాట లేని కథలు మా జిల్లాలో ఇంకెక్కువ. రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో కొన్ని సర్వే నంబర్ల ఎదుట, పట్టాదారు పేరు ఉండాల్సిన గడిలో చుక్కలు పెట్టి వదిలేశారు. దొరల కాలం గుమాస్తాలు. ఎవరిదో తేల్చలేదో, తేల్చే ఓపిక లేదో. ఆ చుక్కల మూలంగా మూడు తరాలు సాగు చేసుకుంటున్న పొలాన్ని అమ్ముకోలేక, బ్యాంకులో పెట్టుకోలేక తిరిగినవాళ్లను వందల మందిని చూశాను. చుక్కల భూముల మీద 2017లో చట్టం వచ్చింది. 2023 మేలో కావలిలో సభ పెట్టి, రెండు లక్షల ఎకరాలకు పైగా చుక్కల భూములకు హక్కులు ఇస్తున్నట్టు ప్రకటించారు. జాగీరు అయినా ఎవరో ఒకరి పేరన్నా ఉంటుంది. చుక్కను ఏమని అడుగుతాం?

అందుకే మావాళ్లకు పాత మాటలంటే భయం. ఏ మాట ఏ జాబితాలోకి తోస్తుందో అని. పోయిన సంక్రాంతి సెలవుల్లో బెంగుళూరులో ఉద్యోగం చేసే ఒక అబ్బాయి తండ్రితో కలిసి వచ్చాడు. ఉదయగిరి దిక్కున రెండెకరాల చిల్లర అమ్ముతున్నారు. లింకు డాక్యుమెంటుగా వాళ్ల ముత్తాత కొన్నప్పటి కాగితం తెచ్చారు, మడతల దగ్గర చిరిగిపోయి, వెనక పాత కాలెండరు కాగితం అతికించి ఉంది. నేను చెక్కుబంది చదువుతున్నాను. తూర్పు: పుల్లరి బీడు. దక్షిణం: ఫలానావారి పొలం. పడమర: వాగు. ఉత్తరం: జాగీరోళ్ల బావి.

అబ్బాయి నా మాట పట్టుకున్నాడు. "అంకుల్, జాగీరు అని ఉందా? అంటే ఇది ఇనాం భూమా? 22-ఎ లిస్టులో పడదు కదా?"

తండ్రి మొహం వాడిపోయింది. ఆయన పొలం దున్నిన మనిషి. 22-ఎ అంటే రిజిస్ట్రేషన్ ఆఫీసు నిషేధించే జాబితా అని తెలుసుకున్నది ఈ మధ్యే, ఎవరో బంధువు పొలం అందులో పడి అవస్థ పడితే.

"అది నీ పొలం కాదబ్బాయ్, నీ హద్దు" అన్నాను. "హద్దులో బావి ఎవరిదైనా నీ పొలానికి ఏమీ కాదు. నంబరు చూశాను, పట్టా. మీ ముత్తాత డబ్బులిచ్చి కొన్నాడు." అయినా అడంగల్, 1-బి, రీసెటిల్‌మెంట్ రిజిస్టరు నకలు తెమ్మన్నాను. వారం తిరిగేలోపు తెచ్చారు. అన్నీ శుభ్రంగా ఉన్నాయి. క్రయపత్రం చిత్తు రాస్తూ హద్దుల దగ్గరికి వచ్చేసరికి అబ్బాయి మళ్లీ అడిగాడు, ఆ మాట తీసేస్తే బాగుంటుందేమో, కొనేవాళ్లు కూడా చూసి భయపడతారేమో అని.

హద్దు మార్చకూడదు. అరవై ఏళ్ల తర్వాత ఎవడో నాలాంటివాడు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూస్తాడు, కలవాలి.

"బావి ఇప్పుడు ఉందా?" అని తండ్రిని అడిగాను.

"యాడిది సార్, మా చిన్నప్పుడే ఇంకిపోయింది. పూడ్చి పొలంలో కలుపుకున్నారు పక్కోళ్లు. ఇప్పుడు దాంట్లో బోరేసుకున్నారు."

'ఉత్తరం: ఫలానావారి బోరు, పూర్వపు జాగీరోళ్ల బావి' అని రాశాను. తండ్రి వేలిముద్ర వేయబోయి, కొడుకు వంక చూసి, పెన్ను అడిగి తీసుకుని మెల్లగా దస్కత్తు చేశాడు.